పదకొండు సెకన్ల పేర్లు

స్క్రాంటన్,
2003 మార్చి 9

ప్రియమైన హోమర్ గారికి,

మీ మోకాలి నొప్పి ఎలా ఉందో తర్వాత అడుగుతాను. ముందు నా కడుపుమంట కాస్త చల్లారనివ్వండి.

టల్సా పెద్దమనిషి ఉన్నాడే, 'ఖడ్గమృగం కార్టూను, అసలు టైటిళ్ళతో ఉన్న కాపీ నా దగ్గరుందమ్మా, చూస్తే కళ్ళకద్దుకుంటావు' అని ఫోనులో తేనె పోశాడు చూడండి, వాడి టేపు నిన్న వచ్చింది. దానికి బదులు నేను ఆరు టేపులు పంపాను. అందులో రెండు మీరు నాకిచ్చినవే. స్కూలు బస్సు షెడ్డులో పెట్టేసి ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా టేపు పెట్టాను. ఏముంది! తెర మీద అదే నీలం టైటిల్ అట్ట. 'హార్కర్ స్టూడియో సమర్పించు' అని ఒక్క ముక్క, ఆ వెంటనే ఖడ్గమృగం పనిముట్ల పెట్టె పట్టుకుని పియానో బాగుచెయ్యడానికి మెట్లెక్కుతూ ఉంటుంది. మనుషుల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. రెండోసారి సినిమా హాళ్ళకి వదిలినప్పుడు పేర్లన్నీ పీకేసి అతికించిన దిక్కుమాలిన అట్టే ఇది కూడా. ఫోను చేసి అడిగితే 'టైటిల్ ఉందిగా, హార్కర్ అని!' అంటాడు. వాడి మొహం మండ. పదిహేడేళ్ళలో నా దగ్గరికి చేరిన కాపీలు దీంతో తొమ్మిది. తొమ్మిదింటికీ తల లేదు.

ఇన్నాళ్ళూ అయితే పోనీలే అనుకునేదాన్ని. ఇప్పుడు గడువు పడింది. సిల్వర్ మేపుల్ వీడియో వాళ్ళు హార్కర్ కార్టూన్లన్నీ కలిపి డీవీడీల పెట్టె వేస్తున్నారు. ఏ కార్టూను ఎవరు గీశారో వెనకాల జాబితా ఇస్తారట. 'మా నాన్న ఎమిల్ నొవాచెక్, ఖడ్గమృగాన్ని గీసింది ఆయనే' అని రాశాను. 'టైటిల్ కార్డు మీద పేరుంటే వేస్తాం, ఇంట్లోవాళ్ళ మాట మీద వెయ్యలేం' అని జవాబు. అక్టోబరు ఆఖరులోపు చూపించాలట.

ఆ నడక మా నాన్నది, హోమర్ గారూ. వంటింట్లో అటూ ఇటూ అలా నడిచి, మా అమ్మ చేత సెకన్లు లెక్కపెట్టించుకుని గీశాడు. నాకు తెలుసు. నాకు తెలిస్తే ఎవడిక్కావాలి!

మీరు డేటన్ టీవీ స్టేషన్‌లో అన్నేళ్ళు మెషీన్లు బాగుచేశారు. ఆ రోజుల్లో వచ్చిన ఫిల్ము డబ్బాలు ఎటు పోయాయో మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కాస్త బుర్ర పెట్టండి.

కోపం తప్ప ఇంకేమీ మిగలని,
మీ వెరా


డేటన్,
మార్చి 21

ప్రియమైన వెరాకి,

టల్సావాడి సంగతి నేను ముందే చెప్పాను. నువ్వు వినవు. నాలుగోసారి ఎక్కించిన టేపుని మొదటిదని చెప్పి అంటగట్టే రకం వాడు. టేపులు మార్చుకునే మనవాళ్ళలో వాడి మొహం ఎవరూ చూడరు.

ఇక ఆ డీవీడీల కంపెనీ అంటావా, ఏ కంపెనీ అయినా ఒకటే తంతు. మచ్చలు పోగొడతామని మెషీన్లో వేసి తోముతారు. మచ్చలతోపాటు గీతలూ పోతాయి. మొన్న ఒకళ్ళు వేసిన పెట్టెలో చూశాను, కోడి పరిగెడుతుంటే దాని ముక్కు కనపడదు! మనిషి చేత్తో గీసిన గీతని మెషీను మురికి అనుకుని తుడిచేసింది. అలాంటివాళ్ళు వేసే జాబితాలో పేరుంటే ఎంత, లేకపోతే ఎంత?

ఆ కాపీ దొరకదు వెరా. స్టేషన్ల దగ్గరున్న ఫిల్ములన్నీ ఎప్పుడో చెత్తలో కలిసిపోయాయి. దాని వెనకాల పడి ఆరోగ్యం పాడుచేసుకోకు. ఖడ్గమృగం ఉంది, నడుస్తోంది, చూసి నవ్వుకో. ఒక్క పేరు కోసం ఇంత కొట్టుకోవడం ఎందుకు?

మోకాలు అలాగే ఉంది.

నీ మేలు కోరే,
హోమర్ గ్యారిటీ


స్క్రాంటన్,
మార్చి 26

హోమర్ గారికి,

'ఒక్క పేరు కోసం' అన్నారు. ఆ కాయితం చింపి పొయ్యిలో పడెయ్యబోయి ఆగాను.

ఆ ఒక్క పేరు సంగతి మీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, వినండి. 1947లో హార్కర్ స్టూడియోలో సమ్మె జరిగింది. ఏడు నెలలు. మిగతావాళ్ళందరినీ తిరిగి పనిలోకి తీసుకున్నారు. మా నాన్నని పిలిచి, 'నన్ను బెదిరించి యూనియన్లో చేర్చారు' అని రాసి సంతకం పెడితే బొమ్మలు గీసే నీ బల్ల నీకిస్తామన్నారు. ఎవరూ బెదిరించలేదు కదా అన్నాడు, సంతకం పెట్టలేదు. అంతే. ఇంకే స్టూడియో గుమ్మం తొక్కనివ్వలేదు. అలా స్క్రాంటన్ వచ్చి కౌంటీ రోడ్ల శాఖలో చేరి, రోడ్ల మధ్య తెల్లగీతలు వేసేవాడు. పన్నెండేళ్ళు! 1959లో పోతే పేపరులో 'రోడ్డు పనివాడు' అని వేశారు.

మా అన్నయ్య పిల్లలకి నేను చెబితే నవ్వుతారు. 'అత్త కథలు చెబుతుంది' అని నా మొహం మీదే అంటారు. వాళ్ళ నాన్న, అదే మా అన్నయ్య, 'ఎందుకే పాతవన్నీ' అని మాట మారుస్తాడు. సొంత కొడుకే! నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఎందుకు కొట్టుకుంటున్నానో అర్థమైందా? కాకపోతే ఇక నాకు ఉత్తరాలు రాయకండి.

వెరా


డేటన్,
జూన్ 4

ప్రియమైన వెరాకి,

దొరికింది.

కెంటకీలో ఒక ముసలాయన పోయాడు. ఆయన భార్య టేపులన్నీ సంతలో అమ్మేస్తోందని తెలిసి వెళ్ళాను. టీవీలోంచి ఎక్కించుకున్న పాత టేపు, బొమ్మ వణుకుతోంది, రంగు వెలిసింది. కానీ తల ఉంది. రెండో అట్ట మీద చూడు.

ఎవరిది, ఎలా అని తవ్వకు. ఆవిడకి ఈ గొడవలు ఇష్టం లేదు.

హోమర్


స్క్రాంటన్,
జూన్ 9

నా ప్రియమైన, బంగారు హోమర్ గారికి,

నా నోటికొచ్చినట్టు తిట్టినదానికి చెంపలేసుకుంటున్నాను. మీరు చూడట్లేదు కానీ నిజంగానే వేసుకున్నాను.

పదకొండు సెకన్లు! గడియారం పెట్టి చూశాను. మొదట సినిమా పేరు, దాని మీద పియానో మెట్ల వరస. తర్వాత ఆకుపచ్చ అట్ట మీద నాలుగు పేర్లు, మూడోది 'ఎమిల్ నొవాచెక్'. అక్కడ టేపు ఆపి, టీవీ ముందు నేల మీద కూచుని ఏడ్చాను. ఆపితే గీతలు గీతలుగా వణుకుతుంది కదా, ఆ వణుకుతున్న పేరునే ఎంతసేపు చూశానో తెలియదు.

సిల్వర్ మేపుల్ వాళ్ళకి నేనే న్యూయార్కు వెళ్ళి ఇచ్చి వచ్చాను, పోస్టులో వెయ్యడానికి మనసొప్పలేదు. అక్కడ పాత ఫిల్ములు పరీక్షించే మిస్ టాల్బట్ అనే ఆవిడ ఉంది, పొడుగ్గా, ముభావంగా. టేపు చూసి, 'ఇది మాకెవరికీ దొరకలేదు' అంది. పేరు వేస్తామంది! బయటికొచ్చి అన్నయ్యకి ఫోను చేసి, 'నీ కూతుళ్ళని కూచోబెట్టి చెప్పు, వాళ్ళ తాత రోడ్డు పనివాడు కాదని' అని అరిచాను. దారినపోయేవాళ్ళంతా తిరిగి చూశారు. చూడనీ.

మీ రుణం నేనెలా తీర్చుకోవాలో చెప్పండి.

ఎప్పటికీ మీ,
వెరా


స్క్రాంటన్,
సెప్టెంబరు 17

హోమర్,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాకు నిన్న న్యూయార్కు నుంచి ఫోను వచ్చింది. మిస్ టాల్బట్. ఆకుపచ్చ అట్ట కింద ఎడమ మూల చూశావా? నువ్వెందుకు చూడవులే, నువ్వే కదా పెట్టింది. గోరంత గుండ్రటి ముద్ర. యూనియన్ ముద్ర. హార్కర్ స్టూడియో ఆ ముద్ర వెయ్యడం మొదలుపెట్టింది సమ్మె అయ్యాక, 1948లో. ఖడ్గమృగం వచ్చింది 1946లో. రెండేళ్ళ తర్వాత పుట్టిన ముద్ర ముందే ఎలా వచ్చి కూచుంది? 1949 నాటి వేరే కార్టూను అట్ట తెచ్చి పక్కన పెట్టి చూపించిందట వాళ్ళ పైవాళ్ళకి. అంచులు, నీడలు, ముద్ర, అన్నీ దాంట్లోవే. పేర్లు మాత్రం కొత్తగా రాసినవి.

ఏ ముద్ర కోసం మా నాన్న ఉద్యోగం పోగొట్టుకున్నాడో ఆ ముద్ర పక్కనే ఆయన పేరు దొంగతనంగా అతికించావు. ఇంతకంటే ఆయన్ని అవమానించడం హార్కర్‌కి కూడా చేతకాలేదు.

నేనే ఫోర్జరీ చేశానని వాళ్ళ అనుమానం. ఎందుకుండదు? తెచ్చిచ్చింది నేను, ఏడ్చింది నేను, పేరు మా నాన్నది. 'మీరు ఏం చూపించినా ఇక తీసుకోలేం' అంది. ఇప్పుడు నిజమైన కాపీ దొరికినా నన్నెవరూ నమ్మరు! అన్నయ్యకి ఏమని చెప్పాలి? ఊరంతా చెప్పుకుని తిరిగానే!

కెంటకీ లేదు, విధవరాలూ లేదు, అవునా? ఎందుకు చేశావు? జాలిపడ్డావా? నీ జాలి ఎవడడిగాడు?

నిజం రాయి. నిజం కాకపోతే కవరు విప్పను.

వెరా నొవాచెక్


డేటన్,
సెప్టెంబరు 25

వెరాకి,

కెంటకీ లేదు. అట్ట మీద నేనే రంగు వేశాను, పేర్లు నేనే రాశాను. కింద సగం 1949 కార్టూను చూసి మక్కీకి మక్కీ దింపాను. ముద్ర కూడా చెయ్యి వాటంలో దిగిపోయింది. కెమెరాతో తీసి, టేపు మీంచి టేపుకి మూడుసార్లు ఎక్కించాను. అలా చేస్తే నిన్న తీసింది కూడా ముప్పై ఏళ్ళనాటిదైపోతుంది. ఈ విద్య మన టేపులవాళ్ళలో చాలామందికి వచ్చు, ఒప్పుకోరు.

జాలి కాదు. జాలయితే బాగుండేది.

నేను స్టేషన్‌లో మెషీన్లు బాగుచెయ్యలేదు. ఫిల్ము గదిలో పనిచేశాను, 1957 నుంచి ఏడేళ్ళు. నా పని కత్తిరించడం. సాయంత్రం పిల్లల కార్యక్రమానికి పావుగంట ఇచ్చేవాళ్ళు, అందులో రెండు కార్టూన్లు. సబ్బు కంపెనీవాడు, బిస్కట్టువాడు ప్రకటనలు పెంచుతూ పోయారు. చోటు చాలలేదు. మా మేనేజరు వచ్చి, 'ముందున్న పేర్లు ఎవడు చదువుతాడయ్యా, కొయ్యి' అన్నాడు. కోశాను. కొలిచి కోసేవాణ్ణి. కార్టూనుకి పది, పదకొండు సెకన్లు. కోసిన ముక్కలు గుడ్డ సంచి తగిలించిన తొట్టిలో పడేవి, శుక్రవారం శుక్రవారం బయట పారబోసేవాళ్ళు.

ఖడ్గమృగాన్ని 1958లో కోశాను. మాకు వచ్చిన కాపీకి నీలం అట్ట లేదు, అసలు టైటిళ్ళే ఉన్నాయి. అది తప్ప ఇంకో కాపీ అలాంటిది ఎక్కడా బయటపడలేదు కదా. గుర్తెందుకుందంటే, అంటించిన చోటు సరిచూడ్డానికి మెషీన్లో వేస్తే ఆ నడక చూసి నవ్వాపుకోలేకపోయాను. పక్క గదివాణ్ణి పిలిచి చూపించాను. మీ నాన్న నడక.

1986లో మన టేపులవాళ్ళ పత్రికలో నీ ప్రకటన చూశాను, 'అసలు టైటిళ్ళున్న కాపీ కావాలి' అని. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేక ఒక టేపు పంపాను. తర్వాత ఇంకోటి. అలా పదిహేడేళ్ళు గడిచాయి. నువ్వు ఉత్తరం రాసినప్పుడల్లా ఇవాళ చెబుతాను అనుకునేవాణ్ణి. పిరికివాణ్ణి.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఆ అట్ట మీద మీ నాన్న పేరు చూశావా అని. చూశాను వెరా, అట్ట చూశాను. ఆకుపచ్చ రంగు గుర్తుంది. నాలుగు వరసలు గుర్తున్నాయి. పేర్లు చదవలేదు. ఏడేళ్ళలో ఒక్క అట్ట కూడా చదవలేదు. నీ మార్చి ఉత్తరం చదివాక రాత్రిళ్ళు కళ్ళు మూసుకుని ఆ మూడో వరస చదవడానికి ప్రయత్నించాను. ఏమీ కనపడదు.

తిట్టు. కవరు విప్పి ఉంటే.

హోమర్


స్క్రాంటన్,
అక్టోబరు 8

హోమర్,

విప్పాను. చదివాను. గిన్నె ఒకటి గోడకేసి కొట్టాను. మా అమ్మ గిన్నె అది, దానికీ కారణం నువ్వే.

1958లో మా నాన్న బతికే ఉన్నాడు. ఆ సంగతి నీకు తట్టిందా? నువ్వక్కడ ఆయన నడక చూసి విరగబడి నవ్వుతూ, ఆయన పేరు తొట్టిలో వేస్తున్న రోజున, ఆయన ఇక్కడ ఎండలో రంగు డబ్బా మోస్తున్నాడు. ఒక్కడు, ఒకే ఒక్కడు ఆ పేరు చదివి ఒక కార్డు ముక్క రాసి ఉంటే ఆయనకి ఎంత సంతోషంగా ఉండేదో నీకు తెలుసా? నీకు చదవడానికి తీరిక లేకపోయింది.

పదిహేడేళ్ళు నాకు పుట్టినరోజు కార్డులు పంపావు. నా మొగుడు పోయినప్పుడు నువ్వు రాసిన ఉత్తరం పదిసార్లు చదువుకున్నాను. ఇప్పుడు అదంతా ఏం చేసుకోను? అది కూడా నిజమో, దాని మీదా మూడుసార్లు టేపు తిప్పావో నాకెలా తెలుస్తుంది? అన్నిటికంటే దీనికే నాకు ఎక్కువ కోపం.

క్షమించమని అడగలేదు, బతికిపోయావు.

ఇప్పుడు చెప్పింది చెయ్యి. నేను మళ్ళీ న్యూయార్కు వెళ్ళాను. మిస్ టాల్బట్ మొదట గుమ్మంలోనే నిలబెట్టింది. నీ ఉత్తరం చేతిలో పెట్టాను. నిలబడే చదివింది, తర్వాత కుర్చీ చూపించింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. నీ అట్ట తీసి పారేస్తున్నారు. మా నాన్న పేరు వెయ్యొద్దని నేనే చెప్పాను. అవును, నేనే. ఆయన ఒక్క అబద్ధం కాయితం మీద సంతకం పెట్టి ఉంటే జన్మంతా బొమ్మలు గీసుకుంటూ బతికేవాడు. పెట్టనివాడి పేరు నీ అబద్ధం మీద ఎక్కించనా?

నీలం అట్ట కూడా వద్దన్నాను. దానికి బదులు సినిమా ముందు పదకొండు సెకన్లు నల్లగా వదులుతారు. చప్పుడు ఉండదు. ఆ నలుపు మీద ఒక్క వాక్యం: 'ఇక్కడ ఈ చిత్రాన్ని గీసినవారి పేర్లు ఉండేవి. 1958లో హోమర్ గ్యారిటీ వాటిని కత్తిరించాడు.' దానికి నీ సంతకంతో వాంగ్మూలం కావాలట, ఏ సంవత్సరం, ఏ స్టేషన్, ఏం చేశావు, ఏం చదవలేదు, అన్నీ. నోటరీ ముందు పెట్టు.

మా నాన్న పేరుకి రుజువు లేదు, నీ పేరుకి ఉంది. కాబట్టి ఈ డీవీడీ మీదికి నీ పేరే ఎక్కుతుంది. స్టాంపు అంటించిన కవరు ఇందులోనే పెట్టాను, లేదని సాకు చెప్పకు. అక్టోబరు ఆఖరు.

వెరా


డేటన్,
అక్టోబరు 27

ప్రియమైన వెరాకి,

ప్రియమైన అనే రాస్తాను, నీకు ఇష్టం లేకపోతే కొట్టెయ్యి.

నీ ఉత్తరం వచ్చాక మూడు రోజులు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. దీనికి తగునా, డెబ్భై ఎనిమిదేళ్ళవాణ్ణి, నన్నొక్కణ్ణే పట్టుకుంటుందేం, కొయ్యమన్న మేనేజరు పేరు వెయ్యొచ్చుగా, సబ్బువాడి పేరు వెయ్యొచ్చుగా అని ఇంట్లో ఒక్కణ్ణే అరిచాను. రేడియోతో పోట్లాడాను. నాలుగో రోజు కాయితం ముందు కూచున్నాను. కోసింది నా చెయ్యే కదా.

నీ కవరు వాడలేదు, చాలలేదు. పెద్దది కొన్నాను.

ఏమైందంటే, ఖడ్గమృగం గురించి రాసి, 'ఇంతే' అని సంతకం పెట్టబోతే పెన్ను కదల్లేదు. ఏడేళ్ళు కోశాను, ఒక్కటే కోశానని ఎలా రాయను? అందుకని గుర్తున్నవన్నీ రాయడం మొదలుపెట్టాను. లైబ్రరీకి వెళ్ళి ఆనాటి పేపర్లు తిరగేసి, ఏ సాయంత్రం ఏం వేశామో చూసుకుంటూ రాశాను. రెండు వందల పద్నాలుగు తేలాయి. అందులో ముప్పై ఒకటి హార్కర్‌వే, ఈ పెట్టెలోకి వస్తున్నవే. నోటరీ ఒక్కో పేజీ మీద సంతకం పెట్టించుకుంటూ, 'ఏంటండీ ఇవన్నీ, ఆస్తులా?' అని అడిగాడు. కాదని చెప్పాను.

మిస్ టాల్బట్‌తో ఫోనులో మాట్లాడాను. తలలేనివి ముప్పై ఒకటీ అలాగే నల్లగా వదులుతారట, ముప్పై ఒక్కసార్లూ నా పేరు వస్తుంది. మీ నాన్న పేరు వాటిలో ఎన్నింటి మీద ఉండేదో నాకు తెలియదు. మిగతా పేర్లు ఎవరెవరివో కూడా తెలియదు. వాళ్ళకీ కూతుళ్ళు, కొడుకులు ఉండే ఉంటారు. నీలాగే నవ్వులపాలైనవాళ్ళు ఎంతమందో.

వాంగ్మూలం చివర ఒక్క మాట నా అంతట నేను కలిపాను. నీకు చెప్పకుండా చేశాను, దీనికి కూడా తిట్టాలనుకుంటే తిట్టు. నల్లటి అట్ట మీద నా పేరు కింద ఈ ఇంటి అడ్రసు కూడా వెయ్యమన్నాను. తిట్టాలనుకున్నవాళ్ళు ఎక్కడికని రాస్తారు మరి? ఎవరు రాసినా ఈసారి పేరు చదువుతాను.

హోమర్ గ్యారిటీ